రాళ్ళు లెక్కపెట్టిన రోజు

ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయకపోవడానికి మొదటి కారణం నాకు అక్షరాలు రాకపోవడం. అరవై దాటాక నేర్చుకున్నాను. గుంటూరులో మిర్చి గోడౌన్లకు తొడిమలు తీసే పనికి పోయే రోజుల్లో, మా వీధిలో ఉండే రిటైరయిన టీచరుగారు సాయంత్రాలు మమ్మల్ని నలుగురైదుగురు ఆడవాళ్ళని తమ వరండాలో కూర్చోబెట్టి పలకలు చేతికిచ్చారు. ఎంత కడుక్కున్నా మా వేళ్ళకు కారం ఉండేది. ఆ చేత్తో కళ్ళు తుడుచుకుంటే నీళ్ళు ధారగా కారేవి. "ఏడవకు చిట్టెమ్మా, వస్తుందిలే" అనేవారు ఆవిడ. ఏడవడం లేదండీ, కారం అంటే నమ్మేవారు కాదు. అట్లా రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు బస్సు మీద ఊరి పేరు చదువుతాను, మందు సీసా మీద పేరు చదువుతాను, ఇదిగో ఇట్లా నాలుగు కాగితాలు రాస్తాను. రెండో కారణం ఇంకోటి ఉంది. అక్షరాలు వచ్చిన తరవాత కూడా, మొన్న మాఘమాసం దాకా, నేను రాయవలసిన సంగతి ఒకటి ఉందని నాకే తెలియదు.

తెలియజెప్పింది ఒక పాత వ్యాను. మా అన్న సాంబయ్య కొడుకు శ్రీను దాన్ని కొన్నాడు. నా పెనిమిటి పోయిన తరవాత నేను నల్లపాడులో అన్న ఇంటికే చేరాను. వదిన అంతకుముందే పోయింది. పోయినేడు అన్న కూడా పోయాడు. ఆ ఇంట్లో ఇప్పుడు నేను, శ్రీను, వాడి భార్య, పిల్ల. శ్రీను ఆ వ్యానులో బ్రాడీపేట కోచింగ్ సెంటర్లకు పిల్లలను చేరవేస్తాడు. ముగ్గురి చేతులు మారి వచ్చిన బండి అయినా దానికి రోజూ పొద్దున్నే పసిబిడ్డకు పోసినట్లు నీళ్ళు పోసి తుడుస్తాడు. నెల తిరక్కముందే ఒక పిల్ల తండ్రి మా గుమ్మం ముందు స్కూటరు ఆపి దిగకుండానే కేకలేశాడు.

"ఏమయ్యా, పిల్లల్ని ఎక్కించుకుని అరవైలో తోలుతున్నావంట? మా అమ్మాయి ఫోన్లో చూసింది."

"లేదు సార్. యాభై దాటలేదు. మీటరు చూసుకుంటానే ఉంటాను. మా అమ్మాయి మీద ఒట్టు సార్" అన్నాడు శ్రీను.

నేను వాకిట్లో బియ్యం చెరుగుతున్నాను. ఆ మాట, ఆ గొంతు, ఆ ఒట్టు పెట్టిన తీరు విని చేట ఆపేశాను. అచ్చం వాళ్ళ నాన్న.

మరుసటి ఆదివారం శ్రీను నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బైపాసు ఎక్కించాడు. ఫోన్ నా చేతికిచ్చాడు. అందులో బండి ఎంత వేగంలో పోతున్నదీ పెద్ద అంకెల్లో కనబడుతుంది.

"అత్తా, నేను మీటరు చూసి చెబుతా. నువ్వు ఫోన్లో అంకె చదువు. సరేనా? నలభై."

"నలభై ఎనిమిది."

"సరిగ్గా చూడు."

"నాకు కళ్ళున్నాయిలేరా. నలభై ఎనిమిది."

"యాభై."

"అరవై."

శ్రీను బండి పక్కకు తీసి ఆపాడు. స్టీరింగు మీద గడ్డం ఆనించి, "నీకు చదువు చెప్పిన టీచరమ్మని తిట్టాలి. లేకపోతే హాయిగా యాభైలోనే ఉండేవాణ్ణి" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు మెకానిక్ షెడ్డు దాకా ఉంది.

మెకానిక్ నడివయసు మనిషి. మీటరు అద్దం మీద వేలితో కొట్టాడు, బండి కిందకు దూరి తీగ లాగి చూశాడు. "కేబులు చెడితే ముల్లు వణకాలి, ఎగిరెగిరి పడాలి. ఇది వణకడం లేదు. నలభైలోనూ తక్కువే, యాభైలోనూ అదే వరసలో తక్కువ. అంటే మీటరు బాగానే ఉంది, దానికి చేరే లెక్కే తప్పు" అన్నాడు. తలుపు పక్కన రేకు మీద కొట్టిన అంకెలు చదివి, గొంతుక్కూర్చుని టైరు మీద అంకెలు చదివాడు. ఇంతకుముందున్న ఆసామి ఎవరో ఎత్తు టైర్లు వేయించాడట, పైగా గేర్‌బాక్సు దగ్గర మీటరు తిప్పే చిన్న పళ్ళచక్రం వేరే బండిదట. తరవాత చేతులు తుడుచుకుంటూ మామూలుగా అన్నాడు, "చక్రం పెద్దదైతే ఒక చుట్టుకే బండి ఎక్కువ దూరం పోతుంది. ఆ సంగతి మీటరుకేం తెలుసండీ? అది చుట్లు లెక్కపెడుతుంది, అంతే."

నేను అక్కడున్న బల్ల మీద కూర్చుండిపోయాను. ఈ మాట నేను పదహారేళ్ళప్పుడు విన్నాను. ఇంచుమించు ఇవే పదాలు. అప్పుడన్న మనిషి అద్దంకిలో మెకానిక్, మస్తాన్ సాయిబు. ఆ రోజు ఆ మాట తప్పని రుజువైంది. రుజువు చేసింది నేను.

మా ఊరు అద్దంకికి ఒక పక్కగా, వాగు అవతల ఉంటుంది. అంతా నల్లరేగడి. వాన పడితే ఎడ్ల కాళ్ళు మోకాళ్ళ దాకా దిగబడతాయి, ఎండితే చెయ్యి దూరేటంత నెర్రెలు. మా నాయన మొదట పొగాకు వేశాడు, తరవాత పత్తి, తరవాత మిరప. మిరప కోతల కాలంలో మా ఇల్లంతా ఘాటు. అమ్మ తెల్లారకముందే కుంపటి మీద పెద్ద గిన్నెలో జొన్నసంకటి కెలికేది. ఆ పొగలో, కళ్ళంలో ఎండే కాయల ఘాటులో మేం దగ్గుతూ నిద్ర లేచేవాళ్ళం. దగ్గు వినబడకపోతే ఎవరో ఇంకా లేవలేదని అమ్మకు తెలిసేది. నాయన చన్నీళ్ళతో స్నానం చేసి, తడి పంచెతోనే కళ్ళం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, గిన్నె ముందు కూర్చునేవాడు. తింటున్నప్పుడు మాట్లాడడు. తిన్నాక మాట్లాడితే ఆ మాటకు తిరుగులేదు.

కోతకు మా ఊరి ఆడవాళ్ళు చాలక పక్క పల్లెల నుంచి తెచ్చుకోవలసి వచ్చేది. అందుకని నాయన ఎక్కడో వేలంలో ఒక పాత జీపు పాడుకొచ్చాడు. దాని ఇంజను ఒక బండిది, గేర్‌బాక్సు ఒక బండిది, తలుపులు లేనే లేవు. మొదటి వానకే అది రేగడిలో కూరుకుపోయింది. ఎడ్లను కట్టి లాగారు. ఊరంతా నవ్వింది. నాయనకు ఆ నవ్వు పడలేదు. గుంటూరు పోయి పాత సామాన్ల కొట్లో నాలుగు ఎత్తు టైర్లు చూసి తెచ్చి బిగించాడు. బండి ఒక జానెడు లేచింది. ఆ తరవాత మా జీపు ఏ బాటలోనూ దిగబడలేదు. నాయన దాన్ని చూసుకుని మీసం దువ్వుకునేవాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ట్రాక్టరు టైర్లు బండికి, బండి టైర్లు జీపుకు మార్చి బిగించుకోవడం మామూలే. రేగడిలో దిగబడకుండా పోయేదే మంచి చక్రం. దానికీ అద్దంలో తిరిగే ముల్లుకూ సంబంధం ఉంటుందని ఎవరికి తోస్తుంది?

జీపు తోలేది మా అన్న. నాకంటే అయిదేళ్ళు పెద్ద. నాలుగో తరగతి దాకా చదివాడు. నన్ను బడికి పంపలేదు. ఆడవాళ్ళను బండిలో పంపడానికి పల్లెల్లో మగవాళ్ళు ఒప్పుకోకపోతే నాయన ఇంటింటికీ పోయి మాట ఇచ్చాడు. "నలభై దాటనివ్వను. దాటితే నన్నడగండి." ఆ మాట నిలబడడానికి, మీటరు అద్దం మీద నలభై దగ్గర ఎర్రరంగుతో ఒక చుక్క పెట్టాడు. అందరం దాన్ని బొట్టు అనేవాళ్ళం. చదువు రాని వాళ్ళకు కూడా ఆ బొట్టు తెలుసు. ముల్లు బొట్టును ముట్టుకోవచ్చు, దాటకూడదు.

ఆ బండిలో వచ్చేవాళ్ళలో ఆదెమ్మ ఉండేది. నా ఈడుది. కోతలో నా పక్క సాలు దానిదే. నాకంటే ముందు సాలు చివరకు పోయి, తిరిగొచ్చి నా సాలులో సగం కోసి, "నీకు చేతులున్నాయా, కర్రలున్నాయా చిట్టీ?" అని వెక్కిరించేది. బండిలో మాత్రం వెనక అంచున, కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చునేది. గాలి బాగా తగులుతుందని. అక్కడినుంచి అన్నను కేకేసేది. "సాంబన్నా, మీ ముల్లుకు బొట్టంటే అంత భయమా? కొత్తకోడలు అత్తగారి గదిలోకి పోయినట్టు పోతన్నావే!" అన్న చెవులు ఎర్రబడేవి. ముల్లు మాత్రం బొట్టు దాటేది కాదు.

ఆ రోజు నాకు జ్వరం. నేను బండిలో లేను. సాయంత్రం పొద్దు గుంకే వేళకు, వాగు మలుపులో బండి రోడ్డు దిగి తిరగబడింది. అన్నకు మెడ కింద ఎముక విరిగింది. మిగిలినవాళ్ళకు దెబ్బలు తగిలాయి. ఆదెమ్మ బండి కింద పడింది.

మంచం మీద పడుకోబెట్టి తెచ్చిన అన్న, నాయనను చూడగానే చెప్పిన మొదటి మాట "బొట్టు దాటలేదు నాయనా." కట్టు కట్టేటప్పుడూ అదే. జావ తాగించేటప్పుడూ అదే. మలుపు దగ్గర పొలంలో ఉన్న ఒకాయన మాత్రం "గాలిలాగ పోయింది. నలభై అయితే ఆ మలుపులో తిరగబడదు" అన్నాడు. బండిలో ఉన్న ఆడవాళ్ళు కూడా, బండి రోజూలాగే ఉన్నట్టుందని కొందరు, జోరుగా ఉన్నట్టుందని కొందరు. పెద్దమనుషులు కూర్చున్నారు. ఆదెమ్మ తల్లి రమణమ్మ వచ్చి వాళ్ళ ముందు నిలబడింది. ఆమె ఏడవలేదు. పక్కన చిన్న కూతురు పున్నమ్మ కొంగు పట్టుకుని ఉంది.

"నాకు మీరేమీ ఇయ్యొద్దు" అంది రమణమ్మ. "ఆ పిల్లోడు మాట తప్పాడా, తప్పలేదా? అదొక్కటి తేల్చండి. తప్పకపోతే నా రాత అనుకుంటా. తప్పితే నా కూతుర్ని సంపింది వాడే."

అప్పుడు నాయన మస్తాన్ సాయిబును పిలిపించాడు. ఆయన మెత్తటి మనిషి, మాట్లాడేముందు తల గోక్కునేవాడు. లేపి నిలబెట్టిన జీపు చుట్టూ తిరిగాడు. మీటరు విప్పాడు, తీగ చూశాడు, మళ్ళీ బిగించాడు. తరవాత టైరు మీద చెయ్యి వేసి, "కోటయ్యగారూ, కోప్పడకండి. నా అనుమానం వీటి మీదుంది" అన్నాడు. చక్రం పెద్దదైతే మీటరు తక్కువ చూపుతుందని, అది చుట్లు తప్ప ఏమీ ఎరగదని చెప్పాడు.

నాయన ముఖం నల్లబడింది. "అంటే నేనేసిన టైర్లే ఆ పిల్లను చంపాయంటావా సాయిబూ?"

"నేనట్లా అనలేదండి. అనుమానం అన్నా. తేల్చుకోవడానికి తేలిక దారి ఉంది. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళున్నాయి గదా. వాగు వంతెన దగ్గర్నుంచి అద్దంకి దాకా పోదాం. మీటరులో ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో నేను చూస్తా. రాళ్ళెన్నో ఇంకొకరు లెక్కపెట్టండి. రెండూ ఒకటయితే మీటరు మంచిది. రాళ్ళు ఎక్కువుంటే మీటరు దొంగ."

రాళ్ళు లెక్కపెట్టేది ఎవరని వచ్చింది. మా వాళ్ళు లెక్కపెడితే రమణమ్మ ఒప్పుకోదు, వాళ్ళవాళ్ళయితే నాయన ఒప్పుకోడు. భుజానికి కట్టుతో అరుగు మీద కూర్చున్న అన్న తలెత్తి, "చిట్టెమ్మ లెక్కపెడుతుంది" అన్నాడు. రమణమ్మ నా వైపు చూసింది. "సరే. అది ఆదెమ్మకు అబద్ధం చెప్పదు" అంది. చదువు రాని పిల్ల కదా అని ఒకాయన అంటే, "రాళ్ళు లెక్కెయ్యడానికి చదువెందుకు? గంపలు లెక్కెయ్యడం లేదా?" అన్నారు అందరూ. నిజమే, నాకు వంద దాకా లెక్క వచ్చు.

ఇంకొకరు బండి తోలారు. మస్తాన్ సాయిబు మీటరు అంకెలు అరచేతిలో రాసుకుని ముందు కూర్చున్నాడు. పెద్దమనుషులిద్దరు వెనక బల్ల మీద. అన్నను తీసుకురాలేదు. నేను వెనక నిలబడి కడ్డీ పట్టుకున్నాను. ఒడి కట్టుకుని అందులో గుప్పెడు పండు మిరపకాయలు, రాయి కనబడినప్పుడల్లా ఒకటి కొంగులో ముడేసుకోవాలని. పోయే బండిలోంచి రాయి మీద అంకె చదవాలని ఎవరూ అనుకోలేదు. రాయి కనబడితే చాలు. రోడ్డుకు రెండు పక్కలా కళ్ళాల్లో మిరప ఎర్రగా పరిచి ఉంది. తెల్లటి రాళ్ళు ఆ ఎరుపులో బాగా కనబడ్డాయి. ఒకటి. రెండు. మూడు. ఒక వేపచెట్టు దగ్గర పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు చుట్టిన పోలేరమ్మ కనబడింది. కడ్డీ వదిలి రెండు చేతులూ జోడించాను. అమ్మా, మా అన్న గట్టెక్కాలి, రాళ్ళు ఎక్కువ రావాలి అనుకున్నాను. తరవాత మళ్ళీ లెక్క. అద్దంకి దగ్గర పడుతుండగా ఇంకో అమ్మవారు. ఆమెకూ దణ్ణం పెట్టుకున్నాను. అదే మొక్కు.

అద్దంకిలో బండి ఆగింది. మస్తాన్ సాయిబు అరచెయ్యి చూసుకుని, మీటరు చూసి, "ఇక్కడ ఎనిమిది" అన్నాడు. "నీ దగ్గర ఎన్నమ్మా?"

కొంగు విప్పి లెక్కపెట్టాను. మళ్ళీ పెట్టాను. ఆయన కూడా పెట్టాడు.

ఎనిమిది.

"ఇంకేముంది, మన ఊరు అద్దంకికి అయిదు మైళ్ళు గదా. ఎనిమిది కిలోమీటర్లేగా" అన్నాడు ఒక పెద్దాయన. అయిదు మైళ్ళన్నది పొలాలకు అడ్డంపడి పోయే పాత బండిబాట లెక్క. తారురోడ్డు చుట్టు తిరిగి పోతుంది. ఆ సంగతి ఆ క్షణాన ఎవరికీ గుర్తు రాలేదు. మస్తాన్ సాయిబు టైర్ల వైపు ఒకసారి చూసి, తల గోక్కుని, "అయితే నాదే పొరపాటు. మీటరు మంచిదే" అన్నాడు.

తిరిగొచ్చేసరికి అరుగు మీద అన్న నా ముఖం చూసి ముందే తెలుసుకున్నాడు. నేను ఏడుస్తూ చెప్పాను. వాడు నా మీద అరుస్తాడని, తప్పు లెక్కపెట్టావంటాడని అనుకున్నాను. అనలేదు. "నువ్వు లెక్కపెట్టావుగా. అయితే నేనే సరిగ్గా చూడలేదేమో" అన్నాడు. అంతే. అంతవరకూ బొట్టు దాటలేదని వందసార్లు చెప్పిన మనిషి, ఆ తరవాత బతికినంత కాలం ఆ మాట మళ్ళీ అనలేదు. ఊరు వాణ్ణి అబద్ధాలకోరు అంది. రమణమ్మ మా వాకిట్లో నిలబడి మన్నెత్తి పోసింది. నాయన మాత్రం ఏమీ అనలేదు. వాడితో మాట్లాడడమే మానేశాడు. "వాణ్ణి అన్నం తినమను" అని అమ్మతో చెప్పేవాడు, వాడు ఎదురుగా ఉన్నా సరే. ఆ ఏడు కోతలు అయ్యేలోపు అన్న గుంటూరు వెళ్ళిపోయి యార్డులో మిర్చి బస్తాలు మోశాడు. మూపు విరిగిన వైపు కాకుండా రెండో వైపు మోసేవాడు. నలభై ఏళ్ళు మోశాడు. మళ్ళీ ఏ బండి స్టీరింగూ పట్టలేదు. శ్రీను డ్రైవింగు నేర్చుకుంటానంటే వారం రోజులు అన్నం తినలేదు. నాయన పోయేముందు ఒక్కసారి వాణ్ణి పేరు పెట్టి పిలుస్తాడేమోనని అన్న మంచం దగ్గర మూడు రోజులు కూర్చున్నాడు. నాయన పిలవలేదు.

మెకానిక్ షెడ్డు నుంచి వచ్చాక నాకు నిద్ర తగ్గింది. ఎత్తు టైర్లు వేస్తే మీటరు తక్కువ చూపాలి. మా జీపుకు ఎత్తు టైర్లే. మరి ఎనిమిదికి ఎనిమిది ఎట్లా వచ్చింది? ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పు. సాయిబు అరచెయ్యి తప్పా, నా కొంగు తప్పా? ఎన్నిసార్లు కళ్ళు మూసుకుని ఆ రోడ్డు వెంబడి పోయినా ఒక్క రాయి కూడా వదిలిన గుర్తు లేదు.

అన్న సంవత్సరీకం ఊళ్ళోనే పెట్టాలని శ్రీను అనుకున్నాడు. టైర్లు మార్పించిన వ్యానులో బయలుదేరాం. అద్దంకి దాటి మా ఊరి రోడ్డు ఎక్కాం. ఆ రోజు శుక్రవారం. అద్దంకి వైపు నుంచి వస్తే రెండో అమ్మవారు ముందు వస్తుంది. అక్కడిప్పుడు చిన్న గుడి కట్టి ఇనుప తలుపులు పెట్టారు. లోపల ఏముందో కనబడదు. ఆ పైన నేను రాళ్ళు చదువుకుంటూ వస్తున్నాను. చదువు కొత్త కదా, కనబడిందల్లా చదువుతాను. అద్దంకి నాలుగు. అద్దంకి అయిదు. అద్దంకి ఆరు. తరవాత వేపచెట్టు వచ్చింది. చెట్టు ముసలిదైంది. కింద పోలేరమ్మను ఒకామె బిందెతో నీళ్ళు పోసి కడుగుతోంది, కొత్త పసుపు పూయడానికి. పాత పసుపు కరిగి కాలువ కడుతోంది.

"శ్రీనూ, ఆపరా."

దిగి దగ్గరికి పోయాను. తడి రాయి మీద చెక్కిన గీతలున్నాయి. ఆమె బిందె ఎత్తి ఇంకోసారి పోసింది. అక్షరాలు బయటపడ్డాయి. పైన అద్దంకి. కింద ఏడు.

"ఇదేందమ్మా, ఇది..." అన్నాను.

"కిలోమీటరు రాయే పెద్దమ్మా" అంది ఆమె మామూలుగా. "మా తాతల కాలంలో ఊళ్ళో పిల్లలకు అమ్మవారు పోస్తే, అప్పటికప్పుడు దీనికి పసుపు పూసి మొక్కారంట. అప్పటినుంచి మా తల్లి ఇదే. అద్దంకి దగ్గర గుళ్ళో ఉన్నది కూడా రాయేగా, మూడో నంబరు."

నేను ఆ బురదలోనే కూర్చున్నాను. పది రాళ్ళు. వాటిలో రెండింటికి దణ్ణం పెట్టుకున్నాను, రాళ్ళు ఎక్కువ రావాలని. దణ్ణం పెట్టిన వాటిని లెక్కలో వేసుకోలేదు. దేవతను కొంగులో మిరపకాయ చేసి ముడేసుకుంటామా? ఆ వయసులో నన్ను ఎవరడిగినా ఆ మాటే అనేదాన్ని. ఆ ఏడు అనే అంకె అప్పుడూ పసుపు కింద అక్కడే ఉంది. ఎనిమిది తిరిగిన మీటరు పది తిరగాలి. నలభై చూపిన ముల్లు యాభై చూపాలి. అన్న బొట్టు దాటలేదు. బండి దాటింది, అన్నకు తెలియకుండా.

తద్దినం అయ్యేదాకా నోరు కట్టుకున్నాను. సాయంత్రం, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, మా పాత ఇంటి అరుగు మీద శ్రీనుకు అంతా చెప్పాను. వాడికి ఆ కథలో సగమే తెలుసు. ఈ ఊరికి వచ్చినప్పుడల్లా "సాంబయ్య కొడుకంట" అని వెనక గుసగుసలాడడం తెలుసు, ఎందుకో పూర్తిగా తెలియదు. నన్ను ఇంట్లోంచి పొమ్మన్నా పోదామని సిద్ధపడే చెప్పాను.

"మా నాయనకు ఒక్కసారన్నా అనుమానం రాలేదా అత్తా, నువ్వు తప్పు లెక్కేశావని?"

"రాలేదురా. నేను లెక్కపెట్టానని నమ్మాడు."

వాడు లేచి నిలబడ్డాడు. "నాకు చెప్పి ఏం లాభం? ఆయన్ను అబద్ధాలకోరన్నది నేను కాదుగా. అన్నవాళ్ళకి చెప్పు." అని వ్యాను దగ్గరికి పోయి, దాని పక్కన, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

ఇప్పుడు కాలం వేరు. వేగం తెలియాలంటే ఎవరి ఒట్టూ అక్కర్లేదు, పదేళ్ళ పిల్ల ఫోన్లో చూసి చెప్పేస్తుంది. పొరపాటు జరిగితే పూట తిరక్కుండా తేలుతుంది, ఇంకో జత టైర్లతో సరిపోతుంది. మంచిదే. అప్పుడు మాకు మనుషుల మాట తప్ప ఇంకో మీటరు లేదు. మాట పోతే మనిషి పోయినట్టే. ఆనాటి నమ్మకాలు గొప్పవని ఇప్పటివాళ్ళు అంటుంటే విని ఊరుకుంటాను. నా మీద పెట్టుకున్న నమ్మకమే మా అన్నను ముంచింది. రమణమ్మ నమ్మింది, సాయిబు నమ్మాడు, అన్న అందరికంటే ఎక్కువ నమ్మాడు. ఒక్క మనిషి నమ్మకుండా రెండోసారి ఆ రోడ్డు మీద పోయి ఉంటే చాలు. ఒక్క అంకె నాకు వచ్చి ఉన్నా చాలు. వీళ్ళలో ఇప్పుడు ఎవరూ లేరు. నా తప్పు చెప్పుకోవడానికి తగిన మనిషి కోసం వెతికితే, మిగిలింది పున్నమ్మ ఒక్కతే.

మర్నాడు పొద్దున్నే ఆమె పల్లెకు నడిచి పోయాను. పున్నమ్మ ఇంటి దగ్గర లేదు, కళ్ళంలో ఉందన్నారు. పదిమంది ఆడవాళ్ళు మిరప రాశి చుట్టూ కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. పున్నమ్మకు జుట్టు నెరిసింది, అచ్చం రమణమ్మ. నన్ను పోల్చుకుంది, కానీ పలకరించలేదు. నేను కూర్చోకుండా, నిలబడే, అందరికీ వినబడేటట్లు చెప్పాను. "పున్నమ్మా, ఆ రోజు రాళ్ళు పది. రెండిట్ని నేను అమ్మవార్లనుకుని లెక్కలో వెయ్యలేదు. మీటరే తక్కువ చూపింది. మా అన్న మాట తప్పలేదు. తప్పు చెప్పింది నేను."

ఎవరి చేతులూ ఆడలేదు. పున్నమ్మ అడిగింది.

"అయితే బండి ఎంతలో పోయింది?"

"యాభైలో."

"మీ అన్నకు తెలియదు."

"తెలియదు. చచ్చిపోయేదాకా తెలియదు."

పున్నమ్మ చేతిలో కాయను అటూ ఇటూ తిప్పింది. "మా అమ్మ పోయే రోజు కూడా ఆయన పేరెత్తి శాపనార్థాలు పెట్టింది" అంది. అరవలేదు, నన్ను తిట్టలేదు. ఆ కాయ తాలులో వెయ్యాలో మంచిదాంట్లో వెయ్యాలో తెలియనట్లు ఇంకొంచెంసేపు పట్టుకుని, ఒడిలో పడేసుకుంది. తరవాత కాస్త పక్కకు జరిగింది.

"కూచో. ఎండెక్కుతాంది" అంది.

కూర్చున్నాను. ఎర్రకాయలు ఒక పక్కకు, తెల్లబారిన తాలు ఒక పక్కకు ఏరుతూ, మధ్యాహ్నం శ్రీను వ్యాను తీసుకుని వెతుక్కుంటూ వచ్చేదాకా అక్కడే ఉన్నాను. వాడు గట్టు మీద బండి ఆపి దిగాడు. పున్నమ్మ తలెత్తి వాణ్ణి చూసి, నన్ను అడగకుండా, పక్కనున్న వాళ్ళతో అంది.

"సాంబన్న కొడుకు. ఎండన పడొచ్చాడు, మంచినీళ్ళియ్యండి."